డెల్టా ఖరీదెంత?

1832-33లో వచ్చిన కరువును గుంటూరు సీమ జనం డొక్కల కరువన్నారు. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువనీ అన్నారు. ఆ దెబ్బ గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రి జిల్లాకూ తగిలింది. తరవాత పదేళ్లు గడిచినా ఆ జిల్లా తేరుకోలేదు. వాన తప్పిన ఏడు కరువు, నది పొంగిన ఏడు ముంపు. 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. జనం ఊళ్లు విడిచిపోయారు, శిస్తు రాబడి పడిపోయింది. ఎందుకిలా అయిందో చూసి రమ్మని మద్రాసు ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారిని పంపింది. ఇన్నేళ్లలోనూ గోదావరి ఎండిపోయింది లేదు. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు ఒడ్డులొరసి పారుతూనే ఉంది, జనం ఆకలికి చచ్చిన ఊళ్ల పక్కనుంచే సముద్రంలో కలుస్తూనే ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. మరో తరం గడిచేసరికి అదే జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీకి ధాన్యాగారం. వాన మారలేదు, మట్టి మారలేదు, నదీ మారలేదు.

దేశాల కలిమికీ బలిమికీ నేల నైసర్గిక స్థితే మూలమన్న వాదం చాలా పాతది. 18వ శతాబ్దంలో మాంటెస్క్యూ వాతావరణం మీద పెట్టాడు భారమంతా. 1776లో ఆడమ్ స్మిత్ పడవ ప్రయాణం మీద పెట్టాడు: నీటి దారిలో సరుకు చవగ్గా పోతుంది కనుక నాగరికత మొదట నదుల వెంటా తీరాల వెంటా పుడుతుందన్నాడు, గంగ పాయలున్న బెంగాల్‌ను అందుకు ఉదాహరణగా చూపాడు. 1890లో మహన్ సముద్రబలం గురించి, 1904లో మాకిండర్ ఖండాల నడిగడ్డ గురించి రాశారు. 1997లో జారెడ్ డైమండ్ పంటలు, పశువులు, ఖండాల వాలు చూపించి ప్రపంచ చరిత్రనంతా వివరించబోయాడు. అదంతా పైపై మాట, దేశాల రాత మార్చేవి ఆస్తిహక్కులు, చట్టాలు, పాలనాసంస్థలు అని వాదించిన ఏస్‌మోగ్లు, జాన్సన్, రాబిన్‌సన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

ఈ తగువును గోదావరి ఒడ్డుకు తెస్తే రెండు పక్షాలూ కొంత కొంత ఓడిపోతాయి. నా లెక్క వేరు. నేల ఎవరి తలరాతా రాయదు, ప్రతి పనికీ ఒక ధర మాత్రం కడుతుంది. ఇక్కడ వరి పండించాలంటే ఇంత, ఇక్కడ ఓడ నిలపాలంటే ఇంత, ఈ కొండలెక్కి శిస్తు వసూలు చేయాలంటే ఇంత. కొత్త పనిముట్టు వచ్చినప్పుడల్లా ఆ ధరలు తారుమారవుతాయి. ఒక కాలంలో ఎవరూ కట్టలేని ధర మరో కాలంలో కారుచవక అవుతుంది. ఇక ఆ ధర ఎవరు కట్టారు, ఫలం ఎవరి గాదెకు చేరింది అన్నవి భూగోళం జవాబు చెప్పే ప్రశ్నలు కావు.

వెన్ను మీద పారే నది

గోదావరి పుట్టిన త్రయంబకం అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. నది మాత్రం పడమటి కనుమలకు వీపు తిప్పి, 1,465 కిలోమీటర్లు తూర్పుకు నడిచి బంగాళాఖాతం చేరుతుంది. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయి. 3 లక్షల చదరపు కిలోమీటర్లు దాటిన నేల మీద పడ్డ వాన, అంటే ఇంచుమించు దేశంలో పదో వంతు నేల మీది నీరు, పాపికొండల ఇరుకులోంచి దూరి పోలవరం దగ్గర మైదానంలోకి వస్తుంది.

కొండల మధ్య ఉరికిన నీరు మైదానంలో నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు మోసుకొచ్చిన ఒండ్రును దించేస్తుంది. వరద గట్టు దాటిన ప్రతిసారీ బరువైన ఇసుక ఒడ్డునే పడిపోతుంది, సన్నని బురద దూరం పోతుంది. వేల ఏళ్లు ఇదే జరిగితే నది తన ఒడ్డులను తానే మెరక చేసుకుంటుంది. ఆరు వేల ఏళ్ల కిందట తీరం కొల్లేరు దాపుల్లో ఉండేది. అక్కణ్ణుంచి ఇవాళ్టి తీరం దాకా ఉన్న నేలంతా గోదావరి, కృష్ణ చెరోవైపు నుంచి పోసుకున్నదే. రెండు డెల్టాలు పెరుగుతూ మధ్యలో పూడ్చకుండా వదిలేసిన పల్లమే కొల్లేరు.

అందువల్ల డెల్టాలో నది పల్లంలో పారదు, మెరక మీద పారుతుంది. ధవళేశ్వరం దిగువన చీలిన గౌతమి, వశిష్ఠ, వశిష్ఠలోంచి చీలిన వైనతేయ, ప్రతి పాయా ఒక మెట్ట గట్టు మీద కూర్చుని ఉంటుంది, పాయకూ పాయకూ మధ్య భూమి పల్లంగా జారుతుంది. ఇంటి కప్పు కొప్పు మీద పోసిన చెంబెడు నీళ్లు రెండు వాలులకూ వాటంతటవే జారినట్టు, ధవళేశ్వరం దగ్గర ఎత్తిన నీరు ఏ యంత్రమూ లేకుండా సముద్రం దాకా పది లక్షల ఎకరాలకు పారుతుంది. అదృష్టమంటే ఇదే. ఇదే వాలు వరదనూ అంతే సులువుగా ఊళ్ల మీదికి తెస్తుంది, పడ్డ వాననీటిని తిరిగి నదిలోకి పోనివ్వదు. డెల్టా ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే వాలుతో.

అంత సులువైనప్పుడు వేంగీ చాళుక్యులు ఎందుకు కట్టలేదు? కావేరి మీద కల్లణై ఉంది కదా, కరికాలచోళుడి పేర చెప్పుకునే ఆ కట్టకు వెయ్యేళ్లు దాటి ఎన్నో శతాబ్దాలు కదా. జవాబు వరద లెక్కలో ఉందని నా అనుమానం. కావేరికి ఎంత పెద్ద వరద వచ్చినా నాలుగైదు లక్షల క్యూసెక్కుల దగ్గర ఆగుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు పారింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. పైగా ధవళేశ్వరం దగ్గర నది కిలోమీటర్ల వెడల్పున, లంకల మధ్య, అడుగున రాయి తగలని ఇసుక మీద పారుతుంది. కావేరిని రాజులు తమ కాలపు పనిముట్లతో లొంగదీసుకోగలిగారు, గోదావరిని లొంగదీసుకోలేకపోయారు. చోళులకు సామ్రాజ్యం రావడానికి ఇదొక్కటే కారణం అనను. కానీ ఏటా నమ్మకంగా పండే డెల్టా ఒకటి చేతికింద ఉన్న రాజుకూ, కరువుకూ వరదకూ మధ్య ఊగే డెల్టా ఉన్న రాజుకూ తేడా ఉండదనుకోవడం కష్టం.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరికి రాకముందు తంజావూరులో కావేరి పాయ కొళ్లిడం మీద పని చేశాడు. ఇసుక మీద రాళ్లు పోస్తే అవి కొంత దిగి, ఆ తరవాత నిలదొక్కుకుంటాయన్న కిటుకు కల్లణై కట్టినవాళ్ల దగ్గర నేర్చుకున్నానని దాచకుండా ఒప్పుకున్నాడు. 1844లో నివేదిక ఇచ్చాడు, 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలను కలుపుకుంటూ, మూడున్నర కిలోమీటర్లకు పైగా కట్ట. రాయి పక్కనే ఉన్న ధవళేశ్వరం కొండది. వేలాది కూలీలను కూడగట్టి నడిపించిన వీణెం వీరన్న పేరు కాటన్ పేరు పక్కన చెప్పుకోవాలి. తరవాత వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు కట్టి నగరం లంకకూ నీరిచ్చారు. పాత ఆనకట్టకు వయసు మీరాక 1970 నుంచి 1982 దాకా ఇప్పటి బ్యారేజి కట్టారు.

ఇక్కడ భూగోళవాదులకు ఒక చిక్కు. వాలు వేల ఏళ్లుగా అక్కడే ఉంది, ఫలం 1852 తరవాతే వచ్చింది. సంస్థలే సర్వమన్నవాళ్లకూ చిక్కుంది. ఆ పని చేసింది ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కాదు, శిస్తు పడిపోయిందని బెంగ పెట్టుకున్న ఒక విదేశీ వ్యాపార కంపెనీ.

అందరూ నడిచిన దారి

డెల్టా సంపద సంగతి అలా ఉంచి సైన్యాల సంగతి చూద్దాం. ఉత్తరం నుంచి దక్షిణానికి తూర్పు తీరం వెంట పోవాలంటే దారి ఒకటే. పడమర తూర్పు కనుమల అడవి, తూర్పున సముద్రం, మధ్యలో సన్నని మైదానం. ఆ మైదానానికి అడ్డంగా గోదావరి. దాటేచోట రాజమండ్రి.

ఈ దారిన నడవనివాళ్లెవరు? 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు ఓడించానని చెప్పుకున్న దక్షిణాది రాజుల్లో పిష్టపురం (పిఠాపురం) మహేంద్రుడూ వేంగి హస్తివర్మా ఉన్నారు. 7వ శతాబ్దంలో రెండో పులకేశి పిఠాపురాన్ని పట్టి, తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి ఇక్కడ నిలిపాడు. రాజేంద్రచోళుడి సేన గంగ దాకా పోయింది ఈ తీరం మీదుగానే. కళింగం నుంచి గజపతులు దిగారు, విజయనగరం నుంచి కృష్ణదేవరాయలు ఎక్కాడు.

వేంగి రాజ్యం కథ చదివితే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాలుగు శతాబ్దాలు దాటి నిలిచిన ఈ రాజ్యం చివరి వందేళ్లలో తన యుద్ధాలు తాను చేయడం మానేసింది. తంజావూరు చోళులూ కల్యాణి చాళుక్యులూ ఎవరి మనిషిని వారు వేంగి గద్దె మీద కూర్చోబెట్టడానికి కొట్టుకున్నారు. 999 ప్రాంతంలో రాజరాజచోళుడి అండతో శక్తివర్మ గద్దెనెక్కాడు. నన్నయ ఉన్న కొలువు, రాజరాజనరేంద్రుడిది, ఆ లాగుడు పీకుళ్ల మధ్యే నడిచింది. అతని కొడుకు 1070లో ఏకంగా చోళ సింహాసనమే ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. వేంగి ఇంటిని వదిలిపెట్టి మరీ.

బల్లపరుపు నేల, రెండు పక్కలా బార్లా తెరిచిన వాకిలి, గుర్రాలు పెరగని తడి. అలాంటి చోట తిండి దొరుకుతుంది, దాగడానికి చోటు దొరకదు. ఎగువన తెలంగాణ రాతి నేలలో సంగతి తిరగబడుతుంది. అక్కడ వాన తక్కువ, చెరువులు తవ్వితేనే పంట. కానీ ప్రతి గుట్టా ఒక కోట. కాకతీయులు, బహమనీలు, గోల్కొండ నవాబులు, నిజాములు, ఎగువన బలపడ్డ ప్రతివాళ్లూ బియ్యం కోసం, రేవుల కోసం తీరానికి దిగారు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో పరదేశపు ఓడల వర్తకులకు అభయశాసనం వేయించాడు. గోల్కొండకు మచిలీపట్నం లేకపోతే గోల్కొండే లేదు.

ఈ బంధం తెగిన సంగతి చెప్పాలి. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఈ తీరపు జిల్లాలను, అంటే ఉత్తర సర్కారులను, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం ఖర్చుకు రాసిచ్చాడు. 1758లో ఫ్రెంచి గవర్నరు లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోవడంతో ఇక్కడ సేనానిగా కాన్‌ఫ్లాన్స్ మిగిలాడు. ఇంగ్లీషు కంపెనీ తరఫున క్లైవ్ కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డును ఓడల మీద విశాఖపట్నానికి పంపాడు. విజయనగరం ఆనందగజపతి తన బలంతో అతనికి తోడయ్యాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. వెంటనే రాజమండ్రీ చేజారింది. ఆ తరవాత జరిగింది వీరగాథ కాదు, డబ్బు తగువు. ఇస్తానన్న సొమ్ము ఇవ్వలేదని ఫోర్డూ, అడిగే తీరు బాగాలేదని రాజూ కొన్ని వారాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఫ్రెంచివాళ్లు ఆ వ్యవధిలో మచిలీపట్నం కోటలో సర్దుకున్నారు.

మచిలీపట్నం కోటకు ఒక పక్కంతా బురద. ఆ బురదే గోడ అని కోటలోవాళ్ల ధీమా. 1759 ఏప్రిల్ 7 రాత్రి కెప్టెన్ నాక్స్ కొందరు సిపాయిలతో సరిగ్గా ఆ బురదలోంచే నడిచి వచ్చి తుపాకులు పేల్చాడు. కోటలోవాళ్లు అటు పరిగెత్తారు, ఫోర్డు అసలు బలగం మరో వైపు నుంచి ఎక్కింది. సాయానికి వస్తున్న సలాబత్ జంగ్ సైన్యం దగ్గర్లోనే ఉంది, అందుకోలేకపోయింది. అడ్డంకి అన్నది దాటేవాడి తెగువను బట్టి ఉంటుందనుకోవచ్చు. కానీ నాకు కనిపించేది మరొకటి: ఫోర్డు వెనక సముద్రమూ, ప్లాసీ తరవాతి బెంగాల్ ఖజానా ఉన్నాయి. కాన్‌ఫ్లాన్స్ వెనక అవి లేవు. ఫ్రెంచివాళ్లకు గోదావరి ఒడ్డున చివరికి మిగిలింది యానాం ఒక్కటే. 1954లో అదీ వదులుకున్నారు.

1766 ఒడంబడికతో సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి. గుంటూరు 1788లో పోయింది. అప్పటి నుంచి హైదరాబాదు సముద్రం లేని రాజ్యం. దాని ఖరీదు 1947-48లో తెలిసింది. నిజాం ప్రభుత్వం గోవాలోని మర్మగోవా రేవు కోసం పోర్చుగీసులతో బేరాలాడింది. చివరికి ఆయుధాలు కరాచీ నుంచి దొంగచాటుగా విమానాల్లో వచ్చాయి. తెచ్చినవాడి పేరు సిడ్నీ కాటన్, ఆస్ట్రేలియావాడు. చరిత్రకు హాస్యం తెలియదని ఎవరన్నారో గాని, ఒక కాటన్ డెల్టాకు నీళ్లు తెచ్చాడు, ఇంకో కాటన్ డెల్టా పోగొట్టుకున్నవాళ్లకు తుపాకులు తెచ్చాడు. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17తో ముగిసింది.

నది తెచ్చిన సరుకు, నది పూడ్చిన రేవు

17, 18 శతాబ్దాల్లో ఐరోపావాళ్లకు గోదావరి పాయల మొగలు బంగారు బాతులు. డచ్చివాళ్లు పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురాల్లో కొఠీలు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు నరసాపురం పక్క మాధవాయిపాలెంలో, ఇంజరంలో దిగారు. బట్ట ఒక కారణం, ఓడలు మరో కారణం. ఎగువ అడవుల కలప నీటి మీద తేలుతూ నరసాపురం వచ్చేది, ఇనుము దొరికేది, పనివాళ్లు ఆరితేరినవాళ్లు. ఇంగ్లీషు వర్తకులు అక్కడ ఓడలు కట్టించుకునేవారు. తరవాత కోరంగి ఆ పని అందుకుంది.

డచ్చివాళ్లూ డెల్టా మనుషులే, రైను మొగ దగ్గర పల్లపు నేలలో పుట్టినవాళ్లు. గట్లు, తూములు, మురుగు కాలువలు నడుపుకోవడానికి 13వ శతాబ్దం నుంచే ఊరూరా నీటి సంఘాలు పెట్టుకున్నారు. అలాంటి నేల నుంచి వచ్చి అలాంటి నేలలోనే కొఠీ పెట్టినవాళ్లు ఇక్కడ కాలువ తవ్వలేదు, బట్ట కొనుక్కుపోయారు. రెండు డెల్టాలకూ తేడా మట్టిలో కొంతే ఉంది. ఒక తేడా నదిలోనే ఉంది: రైనులో పడవ ఏడాదంతా జర్మనీ లోపలిదాకా పోతుంది. గోదావరిలో వరద తగ్గాక రాళ్లు తేలతాయి.

కాటన్ ఆ రాళ్లతోనూ తలపడ్డాడు. బేరారు పత్తిని నది మీదుగా కాకినాడ చేర్చాలని అతని కల. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర మూడు రాతి అడ్డంకులు. వాటిని కాలువలు, లాకులతో దాటించే పని ఏళ్ల తరబడి నడిచింది. ఈలోగా బొంబాయి వైపు ఏం జరిగింది? పడమటి కనుమలు గోడలా నిలబడి ఉన్నంతకాలం బొంబాయి మంచి రేవే గాని వెనక దారి లేని రేవు. 1863లో భోర్ ఘాటు మీద రైలెక్కింది, 1867లో నాగపూరు చేరింది, 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. పత్తి పడమరకు తిరిగింది. 1871లో ఎగువ గోదావరి పడవదారి పనిని వదిలేశారు. కొండలూ నదీ ఉన్నచోటే ఉన్నాయి. వాటిని దాటే ఖర్చు పదేళ్లలో తలకిందులైంది. రైళ్లకంటే కాలువలే మేలని కాటన్ ఆ తరవాత కూడా బతికినంతకాలం వాదిస్తూనే ఉన్నాడు. డెల్టాలోపల ఆ మాట నిజమే. కాకినాడ నుంచి ఏలూరు కాలువ, కృష్ణ కాలువలు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా బియ్యం పడవలు నడిచాయి. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద రైలు దాటాక వాటి రోజులూ చెల్లిపోయాయి.

ఇక రేవుల సంగతి. డెల్టా బియ్యం ఇస్తుంది, లోతు ఇవ్వదు. పొలాన్ని పోసిన ఒండ్రే రేవును పూడ్చేస్తుంది. నరసాపురం పూడింది, కోరంగి పూడింది. 1789, 1839 ఉప్పెనలు కోరంగిని మరింత దెబ్బతీశాయి. గత రెండు శతాబ్దాల్లో గౌతమి ఇసుక మేటవేసి పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడకు అలల నుంచి అడ్డుగా నిలిచింది. అలా ఒకే ఇసుక ఒక రేవును చంపి ఇంకో రేవును బతికించింది. అయినా పెద్ద ఓడలు దూరంగా లంగరేసి పడవలతో సరుకు దించుకోవాల్సిందే. చెక్క ఓడల కాలంలో అది చెల్లింది. ఉక్కు ఓడలు వచ్చాక 150 కిలోమీటర్ల ఉత్తరాన, వరి పండని రాతి తీరం మీద, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న విశాఖకు యోగం పట్టింది. 1933లో అక్కడ రేవు, 1941లో సింధియా ఓడల కర్మాగారం, తరవాత తూర్పు నావికాదళం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా ఒకే రోజు బాంబులేశాయి. యుద్ధమయ్యాక నౌకాదళం ఎటు పెరిగిందో లోతు తేల్చింది. కాకినాడకు లోతు రేవు 1997లో గాని రాలేదు. ఇప్పుడు దేశం నుంచి బియ్యం ఎక్కువగా ఓడెక్కేది అక్కడే.

బియ్యంతోపాటు మనుషులూ ఓడెక్కారు. డెల్టా ఎంత పండినా పండింది భూమి ఉన్నవాడికి. కూలీలు కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ పోయారు, ఐరావతి డెల్టా బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో బస్తాలు మోశారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. మిగులు దక్కినవాళ్ల కథ ఇంకోలా సాగింది. పొలం మీది డబ్బు మిల్లుల్లోకి, చదువుల్లోకి, సినిమాల్లోకి పోయింది. 1947లో తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ పెట్టిన ఆంధ్రా షుగర్స్ దానికొక ముఖం.

కొండెక్కని శిస్తు

ధవళేశ్వరం నుంచి ఒక పూట ప్రయాణంలో మన్యం మొదలవుతుంది. వరి పండే పల్లంలో పంట ఎప్పుడు కోతకొస్తుందో, గాదెలో ఎంతుందో తాసీల్దారుకు తెలుసు. పోడు వ్యవసాయం చేసే కొండల్లో పంట ఒకచోట ఉండదు, మనిషీ ఉండడు. అందుకే మొగలాయిలు మొదలు కంపెనీ దాకా అందరూ కొండలను ముఠాదార్లకు, మన్సబుదార్లకు వదిలి పల్లం ఏలుకున్నారు. ఆ హద్దు దాటబోయినప్పుడల్లా ఎదురుదెబ్బే: 1879లో రంప పితూరీ, 1922లో అల్లూరి సీతారామరాజు. ఆ ఏడు ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు కొల్లగొట్టారు. పోడును అడ్డుకున్న అటవీ చట్టం, కూలి ఎగ్గొట్టి వేయించిన ఘాటు రోడ్లు ఆ కోపానికి కారణాలు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగినా అణచడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. పక్క పల్లంలో ఒక బంట్రోతు చేసే పనికి కొండల్లో ఒక సైన్యం కావలసి వచ్చింది.

వాలు అడుగుతున్న బాకీ

2011 సార్వాలో కోనసీమ రైతులు పొలాలు బీడు పెట్టారు. క్రాప్ హాలిడే అన్న మాట దేశమంతా మార్మోగింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ధాన్యం ధర గిట్టదు, కూలి పెరిగింది, కౌలు తగ్గదు అన్నవి అందరికీ వినిపించాయి. తక్కువగా వినిపించింది మురుగు సంగతి. పొలానికి నీరు పారించిన వాలు, తీరం దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది. డ్రెయిన్లు పూడి, గుర్రపుడెక్క పట్టి, సముద్రం పోటు మీదున్నప్పుడు నీరు ఎగదన్ని నాట్లు కుళ్లిపోతాయి. కాలువ తవ్వినవాడికి పేరొచ్చింది. డ్రెయిను పూడిక తీసినవాడికి విగ్రహం పెట్టిన ఊరు నేను చూడలేదు.

భీమవరం వైపు రైతులు ఇదే పల్లాన్ని మరోలా లెక్కగట్టారు. వరికి చేటైన ఉప్పునీరు రొయ్యకు మేలు. చెరువులు తవ్వారు, వెనామీ రొయ్య వచ్చాక లాభాలు చూశారు. చుట్టుపక్కల వరిచేలకూ తాగునీటికీ ఉప్పు పాకింది. ఇప్పుడు అక్కడ ధర తేల్చేది గోదావరి వరద కాదు, అమెరికా వేసే సుంకం. నేల కింద గ్యాసు బయటపడ్డాక ఇంకో లెక్క మొదలైంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి తెల్లారేసరికి ఇళ్లు తగలబడ్డాయి. గ్యాసు దూరాలకు పోయింది, మంట ఇక్కడ మిగిలింది.

డెల్టా అంటే ఏటా ఒండ్రు పడుతుంటేనే నిలబడే నేల. మహారాష్ట్ర నుంచి కిందిదాకా కట్టిన డ్యాములు ఆ ఒండ్రును ఆపేస్తున్నాయి. తీరం కోతకూ డ్యాములకూ ఉన్న సంబంధాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2004లోనే చూపించారు. కోత పడుతున్న ఉప్పాడలో సముద్రం వీధులనే మింగేసింది. ఒండ్రు ఆగినా నేల కుంగడం ఆగదు, సముద్రమట్టం పెరగడం ఆగదు.

ఈ లెక్కలోకి పోలవరం ప్రాజెక్టు వచ్చి చేరింది. 50 లక్షల క్యూసెక్కుల వరదనైనా వదలగలిగేలా స్పిల్‌వే, 48 గేట్లు. ఇన్నాళ్లూ దాళ్వాకు నీరు చాలక సీలేరు విద్యుత్ కేంద్రాలు వదిలే నీటి మీద ఆధారపడ్డ డెల్టాకు నికరమైన నీరు, కృష్ణకూ విశాఖకూ వాటా. ముంపులో పోయేది లక్షకు పైగా కుటుంబాలు, అందులో చాలామంది కోయలు, కొండరెడ్లు. వాళ్ల పొలాలు డెల్టా ఆయకట్టులో లేవు. 2014లో ఏడు ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2022 జులై వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పునరావాసాన్ని దశలుగా విడగొట్టారు. జలాశయం 41.15 మీటర్ల మట్టానికి నిండితే మునిగే ఊళ్లు ముందు, 45.72 మీటర్లకు నిండితే మునిగేవి తరవాత. నాలుగున్నర మీటర్ల ఆ తేడాలో ఉన్న ఊళ్లవాళ్లు నీరు ముందు వస్తుందా పరిహారం ముందు వస్తుందా అని అడుగుతున్నారు.